మానుకోట పగటి దోమలు

జనగామ
24 జులై 2011

సదానందం అన్నకు,
చెల్లె ఆయేషా సలాం చేసి రాస్తున్నది.

నిన్న ఫోన్ చేస్తే ఓదెమ్మ వదిన ఎత్తింది. "మీ అన్నకు రెండో చెవు గూడ పోయింది. ఫోన్ల మాటలు నేను ఒర్రి ఒర్రి చెప్పాలంటే నా గొంతు పోతున్నది. ఉత్తరం రాయి పిల్లా, చదువుకుంటడు" అన్నది. నాకు మస్తు బాధయింది. అడవి ఊళ్లల్ల దోమలు పట్టుకుంట తిరిగి నువ్వే మలేరియా తెచ్చుకుంటివి. ఆ జరాలకు మింగిన మందులు నీ చెవులను తినబట్టె.

నన్ను భూపాలపల్లి నుంచి ఇక్కడికి మార్చినంక నర్మెట్ట దిక్కు ఊళ్లే ఎక్కువ తిరుగుతున్న. గొట్టం నోట్ల పెట్టుకొని గోడ మీది దోమను పీలుస్తుంటే పిల్లలు ఎనుకపడి నవ్వుతరు. "గిందుకు గూడ సర్కారు జీతమిస్తదా అమ్మా?" అని ముసలోళ్లు అడుగుతరు. రేగొండల మొదటిరోజు నువ్వు నేర్పిన మాటే నేను వాళ్లకు చెప్తున్న. "దోమను మేం పట్టకపోతే అది మిమ్ముల పడ్తది" అని.

అసలు సంగతి ఇది. మానుకోటల, అదే మహబూబాబాద్‌ల, జరాలు లేస్తున్నయట. అక్కడ దోమలు పట్టేటోళ్లు లేరని నన్ను కొన్నాళ్లు పంపుతున్నరు. నీ బిడ్డ పూజ బీఈడీ చదువుకుంట అక్కడనే ఉన్నది గదా, "ఫుప్పూ, నా రూముకే రా, లాడ్జిల ఉంటే నీతో మాట్లాడ" అన్నది. మా మేనకోడళ్లు పిలిచినట్టు నన్ను ఫుప్పు అని పిలుస్తుంటే కడుపు నిండుతది అన్నా.

మా అమ్మ అజీజ్‌బీ నీకు దువా చెప్పమన్నది.

నీ చెల్లె
ఆయేషా


భూపాలపల్లి
3 ఆగస్టు 2011

చెల్లె ఆయేషాకు దీవెనలు.

నీ ఉత్తరం వచ్చింది. చెవులు పోయినయని పరేషాన్ గాకు. మీ వదిన తిట్లు వినపడుత లేవు, అదొక సుఖం. ఆమె నా ఎదురుంగ నిలబడి పెదవులు పెద్దగ ఆడిచ్చుకుంట తిడ్తున్నది, అయినా సగమే అర్థమైతున్నయి.

మానుకోట పోతున్నవు గదా, జర పైలం. అక్కడ వెతకాల్సింది మురికి కాల్వల దోమ కాదు. కాళ్ల మీద తెల్లచారలున్న పగటి దోమ. అది మంచినీళ్లల్లనే గుడ్లు పెడ్తది. గోలెం, డ్రమ్ము, కూలర్, పాత టైరు, అన్నిట్ల చూడు. లార్వాలు చూసి ఊకోకు. పెద్ద దోమలను పట్టి హైదరాబాద్ ల్యాబుకు పంపు. వాటి కడుపుల వైరస్ ఉన్నదా లేదా వాళ్లు చెప్తరు. మనుషులకు జరమొచ్చినంక తెల్సుకునుడు దవాఖానోళ్ల పని. దోమల్ల ఉన్నప్పుడే తెల్సుకునుడు మన పని. ఇది నేను చచ్చేదాక చెప్తనే ఉంట.

ఇంకో ముచ్చట. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె పక్కా అయితున్నది. బొగ్గు బాయిల పనిచేసేటోళ్లు, పంతుళ్లు, బస్సులోళ్లు, మనం, అందరం ఒక్కపారే దిగుతం. నన్ను ఇక్కడి కమిటీల పెట్టిండ్రు. చెవిటోన్ని ఎందుకయ్యా అంటే, మా కన్వీనర్ హన్మంతు "ఎవడు ఏం చెప్పినా వినకుండ ఉండేటోడు కావాలె" అని రాసి చూపిచ్చిండు. అందరు పడి పడి నవ్విండ్రు, నేను గూడ.

పూజ కాలేజీ ఎగ్గొట్టి దీక్ష టెంటుల కూసుంటున్నదని మీ వదిన కోపం. నువ్వు కోప్పడకు. నా బిడ్డ అది.

సదానందం


మహబూబాబాద్
28 ఆగస్టు 2011

అన్నకు సలాం.

మీ బిడ్డ రూము అగ్గిపెట్టె లెక్క ఉన్నది, ఇద్దరం పండుకుంటే మూడో మనిషికి జాగ లేదు. పొద్దుగాల నేను ఇండ్లు తిరిగొచ్చేసరికి తను చాయ్ పెట్టి ఉంచుతది. ఆ చాయ్‌ల చక్కెర తప్ప ఏముండదు.

నువ్వు చెప్పినట్టే చూస్తున్న. అన్నా, ఇక్కడ నీళ్లకు కష్టమున్నది. ట్యాంకర్ ఎప్పుడొస్తదో తెల్వదు, అందుకే ప్రతి ఇంట్ల డ్రమ్ములు నింపి పెట్టుకుంటరు. మూత ఎత్తి టార్చి కొడితే లార్వాలు కిందికి మీదికి కొట్టుకుంటయి. పారబొయ్యమంటే గంగి అనే ఆమె నా చెయ్యి పట్టుకున్నది. "పారబోస్త గని మల్ల నువ్వు నింపుతవా?" అన్నది. నేను మూత పెట్టి పక్కింటికి పోయిన.

అన్నిటికంటే ఎక్కువ ఎక్కడ దొరికినయో తెలుసా? పూజ వాళ్ల దీక్ష టెంటు కాడ. తాగే నీళ్ల డ్రమ్ములు టెంటు ఎనుక వరసగ పెట్టిండ్రు. కూసున్నోళ్ల కాళ్ల మీదికెల్లే నేను చారల దోమలను పీల్చిన. పూజ కదలకుండ కూసోని "ఫుప్పూ, దీక్షల ఉన్నోళ్ల రక్తం పల్చగ ఉంటది, నీ దోమలకు ఆకలి తీరది" అని నవ్విచ్చింది. డ్రమ్ములు కడిగిపిచ్చిన. వారం తిరిగేసరికి మల్ల అట్లనే ఉన్నయి.

పట్టిన దోమలను ల్యాబుకు పంపిన. జవాబు కోసం చూస్తున్న.

ఆయేషా


భూపాలపల్లి
15 సెప్టెంబర్ 2011

చెల్లె ఆయేషాకు,

సమ్మె మొదలైంది! నువ్వు ఇక్కడ ఉండాల్సింది. బాయిలు బందు, బడులు బందు, ఆఫీసులు బందు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి ఊరంత వండుకొని తిన్నం. మీ వదిన వంకాయ కూర చేసింది, హన్మంతు మూడుసార్లు ఏసుకున్నడు.

నీకు ఎన్నడు చెప్పలే. ఎన్కట కోస్తా దిక్కు ట్రైనింగుకు పోయిన. సారు లేపి అడిగితే "దోమలు గోడలకు దొర్కినయి సార్" అన్న. నా భాషకు క్లాసంత నవ్వింది. సారు ఇంకోపారి అనిపిచ్చిండు, మల్ల నవ్విండ్రు. ఆ నవ్వులు నాకు చెవులు పోయినంక గూడ వినపడ్తయి. నిన్న రోడ్డు మీద కూసుంటే మొదటిసారి అవి వినపడలే.

నువ్వు గూడ హాజరు రిజిస్టర్‌ల సంతకం పెట్టకు. మానుకోట టెంటుల పూజ పక్కన కూసో.

సదానందం


మహబూబాబాద్
20 సెప్టెంబర్ 2011

అన్నా,

తొందరగ రాస్తున్న, బస్సులు నిన్నటికెల్లి బందు. ఈ ఉత్తరం మీ దిక్కు లారీల పోయేటాయన చేతికి ఇస్తున్న.

ల్యాబు సెంటర్ సర్కారుది, వాళ్లకు సమ్మె లేదు. ఇయ్యాల ఫోన్ చేసిండ్రు. టెంటు కాడ పట్టిన దోమల్ల డెంగీ వైరస్ ఉన్నదట. గంగి వాళ్ల గల్లీల పట్టిన వాటిల గూడ ఉన్నది. ఆ మేడమ్ "వెంటనే మందు కొట్టించండమ్మా" అన్నది. "మేం సమ్మెల ఉన్నం" అన్న.

అన్నా, జరాలు ఇంకా పెద్దగ లేవలే. ఇప్పుడే చేస్తే ఆపొచ్చు. నీళ్లల్ల కలిపే మందు, పొగ మిషిన్, అన్ని స్టోర్‌ల ఉన్నయి. స్టోర్‌కు సమ్మె తాళం పడ్డది. మందు కొట్టేటోళ్లు నలుగురు నేనంటే వస్తమన్నరు. ఇక్కడి కమిటీని అడిగితే, "మీ దోమల యూనియన్ పెద్దమనిషి సదానందం, ఆయన ఒప్పుకుంటే చూద్దాం" అన్నరు.

నువ్వు ఒక్క మాట రాయి. రెండ్రోజులు చాలు. జీతం వద్దు, సంతకం పెట్టం. గల్లీలల్ల, టెంటు కాడ మందు కలిపి మల్ల తాళమేస్తం.

నీ జవాబు కోసం చూస్తున్న.

ఆయేషా


భూపాలపల్లి
23 సెప్టెంబర్ 2011

చెల్లె ఆయేషాకు,

నీ ఉత్తరం కమిటీల చదివిన. చానాసేపు మాట్లాడుకున్నం. నేను ఒప్పుకోవాల్నన్న మనసుతోనే పోయిన.

హన్మంతు రాసి అడిగిండు: "ఇప్పుడు జరంతోని ఎవరన్న పడి ఉన్నరా?" అని. ఇంకా లేరు అన్న. "జరమొస్తే దవాఖాన తెరిచే ఉన్నది గదా. అత్యవసరం ఆపలే. దోమలకెందుకు?" అన్నడు. ఒక్క తాళం తీస్తే రేపు టీవీల మానుకోటల సమ్మె విరిగిందని చెప్తరు. మన శాఖ తీసింది గదా అని ఇంకో శాఖ తీస్తది. బాయిల కాడ పోలీసులు కాపలా పెట్టి, కొందరినన్న లోపలికి దింపాలని చూస్తున్నరు. అందరు గోడ లెక్క నిలబడ్డ టైముల మనమే ఒక ఇటుక పీకినట్టయితది.

నాకు గూడ వాళ్లు అన్నది నిజమే అనిపిచ్చింది. సమ్మె ఎక్కువ రోజులు పోదు. రేపో మాపో తేలేటట్టున్నది. అప్పటిదాక టెంటు కాడి డ్రమ్ములు కడిగిపియ్యి, మూతలు పెట్టిపియ్యి, చెయ్యితోని అయ్యేది చెయ్యి. తాళం మాత్రం ముట్టకు.

నా మీద కోపం పెట్టుకోకు.

సదానందం


మహబూబాబాద్
4 అక్టోబర్ 2011

సదానందం అన్నకు సలాం.

నువ్వు చెప్పినట్టే, తాళం ముట్టలే. డ్రమ్ములు కడిగిపియ్యాలని చూసిన. ట్యాంకర్ వచ్చుడే తగ్గింది, ఉన్న నీళ్లు ఎవరు పారబోస్తరు? ఆడోళ్ల కాళ్లు మొక్కినంత పనిచేసిన. గంగి మాత్రం పాత చీరెలు చింపి డ్రమ్ముల మూతులకు కట్టింది.

పూజ బాగున్నది. జర జలుబు చేసింది అంతే, పక్కనే కూసోని ఇది రాయిస్తున్నది. "బాపుకు రాయి, నేను సమ్మె అయ్యేదాక ఇంటికి రాను అని" అంటున్నది. అవ్వకు, అదే మా వదినకు, ఫోన్ల చెప్పొద్దట, ఊకెనే భయపడ్తదట.

దువాల యాద్ చెయ్యి.

ఆయేషా


భూపాలపల్లి
6 అక్టోబర్ 2011

చెల్లె ఆయేషాకు,

దసరా దీవెనలు. నీకు మనసుల కష్టం పెట్టిన అని నాకు తెలుసు, అందుకే ఈ ఉత్తరం. ఇక్కడ ఈసారి దసరా ఇంట్ల చేసుకోలే, రోడ్డు మీదనే జమ్మి పంచుకున్నం. ముస్లిం సంఘపోళ్లు మాకు సేమియా తెచ్చిండ్రు. ఆడోళ్లు బతుకమ్మ ఆడుతుంటే లారీలు గూడ ఆగినయి. పూజ ఉంటే ముందల తనే ఆడేది. దానికి చెప్పు, వచ్చే దసరాకు మన రాష్ట్రంలనే ఆడుతది.

జలుబంటే ఆవిరి పట్టమను.

సదానందం


భూపాలపల్లి
2 నవంబర్ 2011

ఆయేషా,

సమ్మె అయిపోయింది. అందరు పనికి పోయిండ్రు. నేను పోలే.

మీ వదిన రోజు అడుగుతున్నది, చివరి రోజులల్ల బిడ్డ ఏం తిన్నది, ఏం మాట్లాడింది అని. మేం వరంగల్ చేరేసరికే అంతా అయిపోయింది గదా. ఆమె నీతో ఫోన్ల మాట్లాడలేనంటున్నది. రాయి, నేను చదివి చెప్త. ఏది దాయకు.

నాకు ఒకటే చెప్పు. నువ్వు అడిగిన రోజు స్టోర్ తీస్తే అది బతికేదా?

సదానందం


జనగామ
13 నవంబర్ 2011

అన్నా, వదినా,

ఎట్ల మొదలుపెట్టాలె. మీకు జలుబని రాసిన రోజే పూజకు జరం. రక్తం పరీక్ష చేపిచ్చిన, డెంగీ అన్నరు. దానికి చెప్తే "బాపుకు రాయకు ఫుప్పూ, ఆయన నడిచన్నా వస్తడు, సమ్మెల ఆయన ఉండాలె" అని ఒట్టు పెట్టిచ్చుకున్నది. పిల్ల కదా, రెండ్రోజులల్ల తగ్గుతది అని నేను గూడ అనుకున్న.

వదినా, మొదట ఏం తినలే. కండ్ల ఎనుక నొస్తున్నదని గుడ్డ కట్టుకొని పండుకునేది. దవాఖానల సెలైన్ పెట్టిండ్రు, అక్కడి సిస్టరమ్మ సమ్మెల ఉండి గూడ రోజు వచ్చి చూసింది. తర్వాత జరం దిగింది. ఆ రోజు పూజ లేచి కూసున్నది. తల దువ్వుమన్నది. గంగి పచ్చిపులుసు చేసి తెస్తే బువ్వల కలుపుకొని తిన్నది. "అవ్వ చేస్తే ఇంకింత కారముంటది" అన్నది. నేను సంతోషపడ్డ. జరం దిగినప్పుడే అసలు గండమని పుస్తకంల చదివిన, నువ్వు గూడ చెప్పినవు. అయినా సంతోషపడ్డ.

పొద్దుమూకేసరికి చేతులు, కాళ్లు సల్లబడ్డయి. చిగుళ్లకెల్లి రక్తం. వరంగల్ తీసుకపొమ్మన్నరు. జీపు దొరికేసరికి చానా ఆలస్యమైంది. తొవ్వల రోడ్ల మీద రాళ్లు, చెట్లు అడ్డం పెట్టి ఉన్నయి. కానీ వదినా, ఎవరు మమ్ముల ఆపలే. పోరగాండ్లు లోపలికి తొంగి చూసి "అరే, మన పూజక్క" అని వాళ్లే రాళ్లు జరిపిండ్రు. ఒక్కో తాన అట్ల జరిపే దాక ఆగుకుంట పోయినం. పూజ కండ్లు తెరిచి చూసి, "మల్ల పెట్టుండ్రి, మేం పోయినంక" అన్నది. తర్వాత మాట్లాడలే. తల నా ఒళ్లెనే ఉన్నది. వరంగల్‌ల రక్తం ఎక్కిచ్చిండ్రు. డాక్టర్లు చేసేదంతా చేసిండ్రు. చివరికి నా చెయ్యి పట్టుకొని లేదు, చెయ్యి నేనే పట్టుకొని ఉన్న. అది ప్రాణం ఇడిసింది ఎప్పుడో నాకు తెల్వలే.

అన్నా, నువ్వు అడిగిన దానికి. ఏ దోమ ఎన్నడు కుట్టిందో ఎవరు చెప్పలేరు అని రాయాలని కాగితం తీసిన. వేరే ఎవరన్న అడిగితే అదే చెప్పేదాన్ని. కానీ దోమ సంగతి నాకు నేర్పిందే నువ్వు. వైరస్ ఒంట్లకు పోయినంక జరం రావడానికి ఎంత పడ్తదో, మందు కొడితే దోమ ఎన్నాళ్లకు తగ్గుతదో నీకు తెలుసు. నేను ఏం చెప్పినా నువ్వు లెక్క గట్టుకుంటవు.

ఆ గల్లీలల్ల ఇంకా జరాలు లేచినయి. గంగి కొడుకు బతికిండు.

నన్ను మాఫ్ చెయ్యి అని రాస్తే నువ్వు తిడ్తవు. అందుకే రాస్త లేను.

ఆయేషా


భూపాలపల్లి
9 ఏప్రిల్ 2012

ఆయేషా,

డ్యూటీల చేరిన. నీ ఉత్తరం మీ వదినకు చదివి చెప్పిన. పచ్చిపులుసు ముచ్చట మూడుసార్లు చదివిచ్చుకున్నది. రాళ్లు మల్ల పెట్టుమన్న ముచ్చట మాత్రం చదవలే.

లెక్క నేను కట్టిన. నువ్వు రాయకపోయినా కట్టిన.

ఇంట్ల ఒక కష్టమున్నది. మీ వదిన గోలెంల, బిందెల, చెంబుల నీళ్లు ఉండనిస్త లేదు. పొద్దుగాల నింపినవి నింపినట్టే వాకిట్ల గుమ్మరిస్తది. ఎండాకాలం, నల్లా రాదు. నేను తాగనీకి నీళ్ల కోసం పక్కింటికి పోతున్న. ఆమెను ఏమనలేను. పారబొయ్యమని ఊరంత తిరిగి చెప్పింది నేనే.

నిన్న రేగొండకు పోయిన. దోమలు పట్టుదామని టార్చి కొట్టినంక, ఎందుకొచ్చిన్నో కొద్దిసేపు తెల్వలే.

సదానందం


జనగామ
30 మే 2012

అన్నకు సలాం.

నీకు తెల్వాల్నని రాస్తున్న. పోయినేడు రిపోర్టుల మానుకోట చూసిన. సమ్మె నెలలకు ఏమీ రాయలే, ల్యాబు కాగితం గూడ ఎక్కియ్యలే. దోమలు పట్టలేదు గనుక దోమలు లేవు. దోమలు లేవు గనుక డెంగీ లేదు. పూజ పేరు ఎక్కించుమని మా సారును అడిగిన. మంచి మనిషే, రిజిస్టర్ అంత తిరగేసిండు. "అమ్మా, వరంగల్ దవాఖానల పోయింది, మన సర్వే లేదు, ఏమని ఎక్కియ్యాలె?" అన్నడు.

వదినకు నీళ్లు కాచి మూత పెట్టిన బిందె ఒక్కటన్న ఉంచుమని, ఆ బిందెల దోమ పుట్టదని చెప్పు. నా పేరు మీద చెప్పు. ఇంటదో లేదో.

ఆయేషా


భూపాలపల్లి
22 ఫిబ్రవరి 2014

చెల్లె ఆయేషా,

చానా దినాలకు రాస్తున్న. మొన్న రాత్రి ఢిల్లీల బిల్లు పాసైంది. రాష్ట్రం వచ్చింది. నీకు తెలిసే ఉంటది, మీ జనగామల గూడ ఆగకుండ ఆడి ఉంటరు.

నీకు చెప్పని సంగతొకటున్నది. పోయినేడు హన్మంతు ఇంటికొచ్చిండు. పూజ పటం అమరుల పటాలల్ల పెడ్తమన్నడు. దీక్ష టెంటుల ఉండి ప్రాణమిడిసింది గదా, అట్లనే రాస్తమన్నడు. ఆయన నా చేతులు పట్టుకొని ఏడ్చిండు, దొంగ ఏడుపు కాదు. మీ వదిన సరే అన్నది. బిడ్డ పటానికి నలుగురు దండ ఏస్తరు, చౌరస్తల పేరు ఉంటది అన్నది. నేను కాగితం మీద "డెంగీతోని చచ్చిపోయింది అని రాసి పెట్టుండ్రి" అని రాసిచ్చిన. వాళ్లు అట్ల రాయలేరు. పటం పెట్టలే.

మీ వదిన ఆ దినం సంది నాతో మాటలు తగ్గిచ్చింది. నాకు వినపడకపోయినా తెలుస్తది, నా ఎదురుంగ నిలబడి పెదవులు ఆడిస్త లేదు. సర్కారు లెక్కల బిడ్డ లేకపాయె. ఉద్యమం లెక్కల లేకుండ నేనే చేస్తినా? నిజం రాయాలె అన్నట్టు ఆ దినం అనిపిచ్చింది. ఇప్పుడు ఏం తెలుస్త లేదు. బహుశా ఆమెకు ఆ దండ ఒక్కటన్న దక్కనియ్యాల్సింది.

నిన్న పొద్దుగాలనే బజారంత నిండింది. అమరుల పటాలు నెత్తుల మీద పెట్టుకొని పోయిండ్రు. నేను గడప మీద కూసోని ఒక్కొక్క మొఖం చూసిన. హన్మంతు ఉరికొచ్చి నా మొఖానికి గులాల్ పూసి కౌగిలిచ్చుకున్నడు. పూయనిచ్చిన. ఆయనకు కష్టం కలిగియ్యాలని లేదు. ఈ రాష్ట్రం నేను గూడ అడిగిన. ఇప్పటికీ వద్దని అనలేను. నవ్వాలని చూసిన, మొఖం అటు తిరగలే.

ఓదెమ్మ అర్రల నుంచి వచ్చింది. నా మొఖం మీది రంగు చూసింది. ముందటికొచ్చి నిలబడి, చానా దినాలకు పెదవులు పెద్దగ ఆడిచ్చుకుంట చెప్పింది. తలుపెయ్యి, దోమలొస్తున్నయి అని. బయట ఇంకా ఎండ ఉన్నది, ఊరంత ఆడుతున్నది.

నేను లేచి తలుపేసిన.

సదానందం